దారం లేని కుట్టు

నాది చెవుల ఉద్యోగం.
కెమెరావాళ్లు వెలుతురు కోసం కిటికీలు తెరుస్తారు,
నేను వెనకాలే వెళ్లి మూస్తాను.
ఫ్రిజ్ ఆపిస్తాను. గోడ గడియారం దించి
దుప్పట్లో చుట్టి మంచం మీద పడుకోబెడతాను.
బర్రైరులో, రేవుకు దగ్గరగా, మూడో అంతస్తులో
ఫెలిష్మీనా వంటింట్లోనూ అదే చేశాను.
ఆమె నవ్వింది:
"ఈ పని నీకంటే ముందు నేను చేశాను నాయనా."

దర్శకురాలు గ్రసిందా అడిగింది,
నియంతను మీరెలా ఎదిరించారని.
"నేనా? ఎక్కడ ఎదిరించాను!
కుట్టుమిషను తొక్కాను."

పదకొండేళ్లు.
వెనక గదిలో పరుపుల మధ్య అచ్చుయంత్రం.
ఎన్ని దుప్పట్లు కప్పినా దాని దగ్గు దానిదే.
ఆ దగ్గు మీద కప్పడానికి ముందుగదిలో ఈమె మిషను,
రాత్రి పదింటి నుంచి కాగితం అయిపోయేదాకా.
దారం ఖరీదు. అందుకని
దారం ఎక్కించకుండానే కుట్టేది,
ఒకే గుడ్డ, అటు తిప్పి ఇటు తిప్పి.

"మొగుణ్ణి కూడా పార్టీవాళ్లే ఇచ్చారు,
కాగితాల మీద. మర్యాదస్తుడు.
పడక వేరే గదిలో, గురక మాత్రం నాతోనే.
అసలు పేరు ఏప్రిల్ తర్వాత చెప్పాడు.
నాకు నచ్చలేదు.
ఆయన పోయేదాకా దొంగ పేరుతోనే పిలిచాను."

గోడలకు చెవులుంటాయంటారు.
ఆ గోడకు ఒక పేరు కూడా ఉండేది, జుల్మీరా.
గార్డు జవాను పెళ్లాం.
ఒక పొద్దున మెట్ల మీద ఎదురై
బంగాళాదుంపల సంచీ కిందపెట్టి అందట:
"రాత్రంతా కుడుతూనే ఉంటావు,
నీ పిల్ల మోచేతి దగ్గర చిరుగు
అలాగే ఉందేం?"

ఇక్కడ ఫెలిష్మీనా ఆగింది.
నా యంత్రం మీద ముల్లు కిందికి వాలింది.
గుటక మింగిన చప్పుడు.
ఉంగరం బల్లకు తగిలిన చప్పుడు.

ఆ రాత్రి మిషను తొక్కలేదు. మర్నాడూ.
సంచులు సర్దుకున్నారు,
పిల్లకు ఇంకో పేరు నేర్పడం మొదలెట్టారు.
మూడో రోజు గుమ్మంలో
ఒక తెల్లదారపు ఉండ.
మెట్ల మీద ఎవరూ లేరు.
తర్వాత నెలకొకటి, జీతం అందినట్టు.

"అప్పట్నుంచి నిజంగానే కుట్టాను," అంటుంది.
"వాళ్లాయన యూనిఫాం గుండీలు కూడా."

జుల్మీరా ఫొటో కోసం గ్రసిందా ఊరంతా తిరిగింది.
దొరకలేదు. సమాధి గడువు తీరి
ఆ జాగా ఇంకెవరికో ఇచ్చేశారట.
తెలిసే చేసిందా,
లేక చిరిగిన చొక్కా చూడలేని ఉత్త ఇరుగుపొరుగు జాలేనా,
చెప్పేవాళ్లు లేరు.
సినిమాలో ఆమె ఒకరి నోట్లో మాట, అంతే.

ఆ పాతగుడ్డ బీరువాలోంచి బయటికొచ్చింది.
కెమెరామన్ తెల్మో గంతేశాడు:
కిటికీకి ఎదురుగా పట్టుకోండమ్మా, ఇంకొంచెం పైకి.
చిల్లుల్లోంచి ఎండ ఆమె ముఖం మీద.
అందరూ మెచ్చిన షాట్ అదే, పోస్టరూ అదే.
నేను మాత్రం మైకు దగ్గరగా పెట్టి ఎదురుచూశాను.
అన్ని పోట్లు తిన్న గుడ్డ
గరగరమని కూడా అనలేదు.

చివర్లో నా వంతు.
అర నిమిషం ఎవరూ కదలకండి,
గది నిశ్శబ్దం రికార్డు చేసుకోవాలి.
గొట్టంలో నీళ్లు. దూరంగా పడవ కూత.
తెల్మో కడుపులో ఆకలి.
పన్నెండో సెకనులో, బల్ల కింద
ఆమె కుడికాలు.
మడమ, వేళ్లు. మడమ, వేళ్లు.
ఆమెకు తెలియదు.
చెయ్యెత్తి ఆపొచ్చు. అది నా పని కూడా.
ఎత్తలేదు.

లిస్బన్‌లో మొదటి ప్రదర్శన.
బొమ్మ పోయి తెర నల్లబడ్డాక
ఆ అర నిమిషం వదిలాం.
అయిపోయిందనుకుని జనం కోట్లు వెతుక్కుంటున్నారు.
కుర్చీలు ఒక్కొక్కటే ధబ్‌మని మడుచుకుంటున్నాయి.
వెనక వరసలో ఆమె
కూతురి మోచెయ్యి పట్టుకుని అడుగుతోంది:
"ఎవరో మిషను తొక్కుతున్నారే,
ఈ వేళప్పుడు?"